బాయిలర్‌గారి టీ

జూలై 2, బుధవారం

బావగారు దిగారు. ఒక చేతిలో పెట్టె, ఒక చేతిలో గొడుగు. మా ఆయనకి సొంత అన్నగారు కదా, గుమ్మంలో నిలబెట్టి ఎందుకొచ్చారని అడగలేను. "నాలుగు రోజులుండి పోతానమ్మా" అన్నారు తనంతట తానే. ఆ పెట్టె లోపలికి జరుపుతుంటే నా నడుం పట్టేసింది. నాలుగు రోజులకి అంత బరువు ఎవరూ మోసుకురారు.

"అక్క రాలేదేం?" అన్నాను. అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే టీవీ వైపు తిరిగారు. టీవీ పెట్టి కూడా లేదు.

పిల్ల హాస్టల్‌కి వెళ్ళాక ఖాళీగా ఉన్న గది ఇచ్చాను. ఇంతలో మా ఆయన హాల్లోంచి కేక: "ఏమోయ్, అన్నయ్య అలిసిపోయి వచ్చాడు, మంచి టీ పెట్టు!" పెట్టాను. బావగారు సాసర్లో పోసుకుని తాగారు. తాగడం అంటే అలా ఇలా కాదు, వీధి చివరి దాకా వినపడేలా జుర్రారు. ఆఖర్న నోట్లోకి వచ్చిన పొడి నలకల్ని నాలుకతో ముందుకు తోసి, వేలితో తీసి, సాసర్ అంచుకి రాశారు. ఆ సాసర్ నేను కడగాలి.

నాలుగు రోజులేగా. ఓర్చుకుంటాను.

జూలై 3, గురువారం

నా టీ పోయింది.

అందరికంటే ముందు లేచి వంటింట్లోకి వెళ్ళడం నాకు పెళ్ళయినప్పటి నుంచీ అలవాటు. ఈ ఇంట్లో నాదని చెప్పుకోగలిగింది ఆ పొద్దుటి టీ ఒక్కటే. నీళ్ళు బాగా మరిగాక మంట తీసేసి, పొడి వేసి, మూత పెట్టి కాసేపు వదిలేస్తాను. వేరే గిన్నెలో కాచిన పాలు కలుపుతాను. ఆయన కప్పు మంచం దగ్గరికి పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చాక, గిన్నె అడుగున మిగిలింది నేను కిటికీ దగ్గర నిలబడి తాగుతాను. అడుగున ఉన్నదే చిక్కగా ఉంటుంది. నాకు అదే ఇష్టం.

ఈవేళ వెళ్ళేసరికి వంటింట్లో లైటు వెలుగుతోంది. బావగారు పైజామా పైకి మడిచి పొయ్యి ముందు నిలబడ్డారు. "నువ్వు ఆగమ్మా, నేను పెడతాను" అన్నారు. ముప్పయ్యేళ్ళు ఫ్యాక్టరీల్లో బాయిలర్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి, నీళ్ళు మరగడం గురించి ఆయనకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు! చన్నీళ్ళు, పచ్చిపాలు, పంచదార, పిడికెడు పొడి అన్నీ ఒకేసారి గిన్నెలో పోసి పెద్ద మంట పెట్టేశారు. అది పొంగింది. మంట తగ్గించరు, గిన్నె ఎత్తరు, గుడ్లప్పగించి చూస్తున్నారు. ఇల్లంతా మాడిన పాల కంపు. మిగిలినదాన్ని చెంచాతో తీసి రుచి చూసి, ఆ ఎంగిలి చెంచానే మళ్ళీ గిన్నెలో ముంచి తిప్పారు. నా కళ్ళముందే!

"తాగమ్మా" అని కప్పు నా చేతిలో పెట్టారు. తారు రంగు. పైన మీగడ పేలికలు తేలుతున్నాయి. మా ఆయన వెనకాల నుంచి వచ్చి, "జన్మలో పొయ్యి దగ్గరికి రాని అన్నయ్య టీ పెట్టాడోయ్! తాగు, తాగు" అని మురిసిపోయారు. తను మాత్రం ఒక గుటక వేసి, "ఆఫీసుకి టైమైంది" అంటూ జారుకున్నారు. నాకు ఆ వీల్లేదు. బావగారు ఎదురుగా నిలబడి నా మొహమే చూస్తున్నారు. తాగాను. థూ.

ఇక నుంచి ఇక్కడ ఆయన బాయిలర్‌గారే. బావగారు అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

జూలై 5, శనివారం

మళ్ళీ పెట్టారు. మళ్ళీ తాగాను.

జూలై 6, ఆదివారం

రాస్తుంటేనే డోకు వస్తోంది, అయినా రాస్తాను. ఎక్కడో ఒకచోట కక్కకపోతే నేను బతకను.

పొద్దున టీలో నలకల్లేవు. మూడు రోజులుగా పళ్ళకి అంటుకుంటున్న పొడి ఈవేళ లేదు. పోనీ మనిషి దారిలో పడుతున్నాడనుకుని, నేనే నోరు తెరిచి, "ఈవేళ బాగా వడకట్టారు బావగారూ" అన్నాను. ఆ మాటకి ఆయన మొహం వెలిగిపోయింది. గిన్నెలు తోముదామని వెళ్తే టీ వడకట్టే జాలి పొడిపొడిగా, దాని మేకుకే వేలాడుతోంది. సింకులో మాత్రం ముద్దలా ఒక గుడ్డ. ముదురు గోధుమరంగు. విప్పి చూశాను. దానికి చేతులు దూర్చుకునే కంతలున్నాయి.

"జాలి కనబడలేదమ్మా" అన్నారు బాయిలర్‌గారు గుమ్మంలోంచి. "కంగారు పడకు, ఉతికిన బనీనే."

మా ఆయన సోఫాలో పడి పొర్లి పొర్లి నవ్వారు. కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారు. నేను స్నానాలగదిలోకి వెళ్ళి నోరు పుక్కిలించి, మళ్ళీ పుక్కిలించి, పళ్ళు తోముకుని, ఇంకోసారి పుక్కిలించాను. ఆ మనిషి చంకలు గుర్తొస్తున్నాయి. ఇక టీ అంటేనే రోత పుడుతుందేమో నాకు.

జూలై 8, మంగళవారం

నేను పనిచేసేది డ్రైక్లీనింగ్ దుకాణం. ఊరందరి మురికీ నా చేతుల మీదుగానే వెళ్తుంది. బట్ట తీసుకోవడం, మరక ఎక్కడుందో వెతకడం, దేని మరకో కనిపెట్టి దారంతో చీటీ కట్టి వెనక గదిలోకి పంపడం. ఈవేళ ఒకాయన కోటు మీద పిల్లవాడు కక్కింది ఎండిపోయి వచ్చింది. గోటితో గీకి చూసి చీటీ కట్టాను. ఏమీ అనిపించలేదు. పక్కన ఇస్త్రీ చేసే ఆవిడ ముక్కు మూసుకుని, "మీకు అసహ్యం వెయ్యదా అండీ?" అంది. పరాయి మురికికి అసహ్యమెందుకు? చీటీ కట్టి పంపేస్తే అయిపోతుంది. ఇంట్లో ఉన్న మురికి "ఏమ్మా" అని పిలుస్తుంది, దానికి చీటీ కట్టే వీల్లేదు.

మధ్యాహ్నం ఉండబట్టలేక అక్కకి ఫోన్ చేశాను. నాకు తోడికోడలే అయినా అక్కా అనే పిలుస్తాను. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నన్ను మనిషిలా చూసింది ఆవిడ ఒక్కతే.

"బావగారు మా ఇంట్లో ఉన్నారక్కా."

"ఊఁ."

"ఎప్పుడొచ్చి తీసుకెళ్తావు?"

"తీసుకెళ్ళడానికి ఆయనేమన్నా మర్చిపోయిన వస్తువా?" అంది. గొంతు నీరసంగా ఉంది కానీ కోపంగా లేదు. "నీకు ఇబ్బందిగా ఉందా చెల్లీ?"

"లేదక్కా, అదేం లేదు" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. నా మీద నాకే ఒళ్ళు మండింది.

జూలై 9, బుధవారం

సింకు పూడుకుపోయింది. వారం రోజుల టీపొడి అంతా ఆయన అందులోనే కుమ్మరించారు. నీళ్ళు పైకి తన్ని, నల్లగా, పుల్లటి వాసనతో, పాలవిరుగు తేలుతూ నిలబడ్డాయి. బాయిలర్లూ గొట్టాలూ చూసిన మనిషి కదా అని పిలిచాను. వచ్చి, వంగి చూసి, "గొట్టంలో అడ్డం పడిందమ్మా" అని చెప్పి వెళ్ళి పేపరు చదువుకున్నారు.

మోచేతి దాకా చెయ్యి పెట్టి నేనే తీశాను. ముద్ద ముద్దలుగా వచ్చింది. దాన్ని ఏమని రాయాలి? వద్దు. నాలుగు రోజులు ఎప్పుడో దాటాయి.

జూలై 11, శుక్రవారం

దుకాణానికి సెలవు పెట్టి, రెండు బస్సులు మారి అక్క దగ్గరికి వెళ్ళాను. ఇంట్లో చెప్పలేదు.

అక్క చిక్కిపోయింది. ఇల్లు మాత్రం అద్దంలా ఉంది. కుర్చీ చూపించి, మంచినీళ్ళిచ్చి, "టీ అడక్కు, పెట్టడం మానేశాను" అంది. ఎప్పుడూ లేనిది అలా అనేసరికి నేను తెల్లబోయాను. ఏం జరిగిందక్కా అని అడిగాను. ఆవిడ పెద్దగా గొంతు పెంచకుండా, బస్సు ఎలా ఎక్కాలో చెప్పినట్లు చెప్పుకుపోయింది.

"జ్వరం వచ్చింది చెల్లీ. లేవలేకపోయాను. ఓ కప్పు టీ ఇస్తారా అన్నాను. 'ఓ, దానికేం' అని లేచారు పాపం. వంటింట్లోకి వెళ్ళారు, వెనక్కొచ్చారు. టీపొడి ఎక్కడుందన్నారు. చెప్పాను. మళ్ళీ వచ్చారు, పంచదార ఏదన్నారు. చెప్పాను. ఇంకోసారి వచ్చి, ఏ గిన్నెలో పెట్టాలన్నారు. ఈ ఇల్లు దగ్గరుండి కట్టించింది ఆయనేనమ్మా! గోడ పట్టుకుని నేనే లేచి వెళ్ళాను. నీళ్ళు పొయ్యి మీద పెడుతుంటే వెనకాల నుంచి ఏమన్నారో తెలుసా?"

"ఏమన్నారు?"

"ఎలాగూ పెడుతున్నావుగా, నాక్కూడా ఓ కప్పు అన్నారు."

"పెట్టావా అక్కా?"

"పెట్టాను. చేతికి అందించాను. తాగుతూ, పేపరు ఎక్కడుందని అడిగారు." అక్క నవ్వింది. "జ్వరం తగ్గాక పెట్టె సర్ది గుమ్మంలో పెట్టాను. ఎందుకే అన్నారు. మీకు టీ పెట్టడం కూడా రాదు, వెళ్ళండి అన్నాను. ఇంకేం చెప్పను? చెబితే అర్థమయ్యే మనిషైతే చెప్పేదాన్ని."

"మరి గొడుగో?"

"మబ్బు పట్టింది. తడిస్తే పడదు ఆయనకి."

బస్సులో వస్తున్నంతసేపూ ఒళ్ళు జలదరిస్తూనే ఉంది. జ్వరంతో లేవలేని మనిషి వెనకాల నిలబడి, నాక్కూడా ఓ కప్పు! ఎలా వచ్చింది ఆ మాట నోటికి! బనీను నయం. ఆ సింకు నయం. ఇంటికొచ్చేసరికి బాయిలర్‌గారు సోఫాలో కాళ్ళు చాపుకుని ఉన్నారు. చొక్కా మీద టీ చుక్క. ఆ మనిషి ఉన్న గదిలో గాలి పీల్చడానికి కూడా మనసొప్పలేదు.

జూలై 12, శనివారం

మా ఆయన అలాంటివారు కారు. టీపొడి ఎక్కడుంటుందో ఆయనకి తెలుసు. అడిగితే చెప్పేవారే. నేను అడగలేదు.

జూలై 13, ఆదివారం

అడిగేశాను. మా ఆయన కూరగాయలకి వెళ్ళిన సమయం చూసి, "అక్క ఎందుకు పంపించేసిందో మీకు తెలుసా బావగారూ?" అన్నాను.

"తెలుసు. నాకు టీ పెట్టడం రాదని." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తనన్నది నిజమే. ఇంత వయసొచ్చి టీ పెట్టడం రాకపోతే ఏ ఆడదానికైనా కోపం రాదూ! అందుకే కదమ్మా మీ ఇంట్లో ఇలా తంటాలు పడుతున్నాను. ఒక్కసారి మంచి టీ పెట్టడం వచ్చిందంటే నేరుగా వెళ్ళి మీ అక్క చేతిలో పెడతాను. ఇక గొడవేముంటుంది?"

అమ్మ బాబోయ్. ఈ మనిషి పరీక్షకి చదువుతున్నాడు! లీకయ్యే చోట మాట్లు వేస్తే బాయిలర్ మళ్ళీ పనిచేస్తుందని అనుకుంటున్నాడు. అది కాదండీ, ఆ రోజు మీరన్న మాట ఏమిటో గుర్తుందా అని అడుగుదామనుకున్నాను. గుర్తు లేదని ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది. అడగలేదు. అడిగితే కూర్చుని వివరించాలి. వివరిస్తే ఎన్నాళ్ళు పడుతుందో. నాకు నా వంటిల్లు కావాలి, అంతే. అక్క ఈయన్ని వెనక్కి తీసుకుంటేనే నాకు నా పొద్దుటి టీ దక్కేది.

"రేపట్నుంచి నేను నేర్పిస్తాను" అన్నాను.

ఆయన లేచి నిలబడి రెండు చేతులూ జోడించారు. చేతులకి బెల్లం జిగటలా ఏదో అంటుకుని ఉంది. మొహం తిప్పుకున్నాను.

జూలై 14, సోమవారం

మొదటి పాఠం: చేతులు కడుక్కోవడం. సబ్బుతో.

జూలై 16, బుధవారం

నీళ్ళు మరగనివ్వండి అంటే థర్మామీటరు ఉందా అంటారు. బుడగలు పెద్దవయ్యాక అంటే ఎంత పెద్దవి అంటారు. మంట తీసేశాక పొడి వెయ్యండి అంటే, మంట లేకుండా పనెలా జరుగుతుందమ్మా అని నాతో వాదన! మూత పెట్టించాను. పెట్టారు, తీశారు, చూశారు, పెట్టారు, తీశారు. "మూత తెరిస్తే వాసనంతా పోతుందండీ" అని మొత్తుకున్నాను. "లోపల ఏం జరుగుతోందో చూడకుండా ఎలా వదిలేస్తాం? మా డిపార్టుమెంటులో అలా వదిలేస్తే కొంపలంటుకుంటాయి" అన్నారు. చివరికి మూత మీద నా చెయ్యి పెట్టి నిలబడ్డాను. ఆయన శ్వాస నా భుజం మీద తగులుతోంది. నిద్రలేచాక నోరు కడగలేదు.

ఎంగిలి చెంచా మాన్పించాను. రుచి చూడాలంటే వేరే చెంచాతో, చేతిలో వేసుకుని. ఇంత పెద్ద మనిషికి ఈ మాట చెప్పాల్సి వచ్చినందుకు నాకే సిగ్గేసింది. ఆయనకి వెయ్యలేదు.

అన్నీ అయ్యాక, "ఇక గిన్నె కడిగెయ్యండి" అన్నాను.

"అది టీలోకి రాదు కదమ్మా" అని వెళ్ళిపోయారు.

జూలై 17, గురువారం

పాలు విరిగాయి. ఎంగిలి చెంచా మళ్ళీ. నేను అరిచాను. మా ఆయన, "పెద్దాయన మీద ఆ అరుపులేమిటి?" అని నా మీద అరిచారు.

జూలై 20, ఆదివారం

వచ్చేసింది.

రాయడానికి మనసొప్పడం లేదు కానీ అబద్ధం రాసుకోలేను. పొద్దున్నే లేచి వెళ్ళేసరికి కప్పు సిద్ధంగా ఉంది. రంగు చూడగానే తెలిసింది. ఎర్రగా ఉంది, పలచనా కాదు, మరీ ముదురూ కాదు. వాసన గుమ్మం దాకా వచ్చింది. "కూర్చోమ్మా" అన్నారు. కూర్చున్నాను. నా వంటింట్లో నేను కూర్చుని టీ తాగడం ఎప్పుడు జరిగిందో గుర్తు లేదు. మొదటి గుటక గొంతులో దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది. వగరు వగరులాగే ఉంది, తీపి తీపిలాగే ఉంది. గిన్నె అడుగుది కాకుండా పైది ఇంత బాగుంటుందని నాకు తెలీదు. ఆ మనిషి చేతుల్లోంచి, ఆ గోళ్ళలోంచి ఇంత మంచి టీ వచ్చిందంటే నమ్మబుద్ధి కాలేదు. నచ్చినందుకు నా నాలుకని నేనే కొరుక్కోవాలనిపించింది. రెండో కప్పు ఇస్తే అదీ తాగాను. సిగ్గులేదు నాకు.

సాయంత్రం మా ఆయన కింద వాటాలో ఉండే పళ్ళ డాక్టర్నీ, వాళ్ళావిడనీ పిలుచుకొచ్చారు. అన్నయ్య టీ తాగి చూడండంటూ. డాక్టరు తాగి తల ఊపారు. వాళ్ళావిడ, "మగవాళ్ళయ్యుండి ఎంత బాగా పెట్టారండీ! మీ ఆవిడ అదృష్టవంతురాలు" అంది. మీ ఆవిడట! అదృష్టమట! నా చేతి టీ వాళ్ళు ఎన్నిసార్లు తాగి వెళ్ళలేదు? కప్పులు అక్కడే పెట్టి, మూతి తుడుచుకుని పోవడం తప్ప ఒక్కసారి తల ఊపిన పాపాన పోలేదు. ఒక మగాడు పొయ్యి ముందు నిలబడి నీళ్ళు మరిగిస్తే ఇల్లంతా చప్పట్లు. కప్పులు ఎవరు కడిగారని ఎవరూ అడగలేదు.

జూలై 22, మంగళవారం

"నువ్వు కూడా అన్నయ్య దగ్గర నేర్చుకోరాదూ?" అన్నారు మా ఆయన, టీ చప్పరిస్తూ.

నేను బాయిలర్‌గారి వైపు చూశాను. ఒక్క మాట అంటే చాలు. మీ ఆవిడే నేర్పిందిరా అంటే చాలు. ఆయన కప్పులోకి చూసి చిన్నగా నవ్వుకుని, "అదేముందిరా, కాస్త ఓపిక ఉండాలి" అన్నారు.

పళ్ళు పటపట కొరుక్కున్నాను. ఇంకొక్క రోజు కూడా భరించను.

జూలై 23, బుధవారం

దుకాణంలోంచి అక్కకి ఫోన్ చేశాను.

"ఆదివారం టీకి రా అక్కా."

"ఎవరు పెడతారు?"

"బావగారు. బాగా వచ్చిందక్కా ఇప్పుడు. నీకోసమే నేర్చుకున్నారు."

ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను. "వస్తాను" అంది.

సంతోషంతో చీటీలు తప్పు కట్టేశాను. ఒకరి దుప్పటి ఇంకొకరి పేరు మీద వెళ్ళింది. యజమాని నాలుగు మాటలన్నాడు. అననీ. ఆదివారంతో నా వంటిల్లు నాకు వచ్చేస్తుంది.

జూలై 26, శనివారం

బాయిలర్‌గారికి కాలు ఒకచోట నిలవడం లేదు. పెట్టె సర్దేసుకున్నారు. చొక్కా ఇస్త్రీ చేసి పెట్టమన్నారు, చేశాను. గోళ్ళు తీసుకోండి అన్నాను, తీసుకున్నారు, ముక్కలు కిటికీ గట్టు మీద వదిలేశారు. పొద్దుట్నుంచీ సాధన. పెట్టడం, తాగడం, "ఇది చూడమ్మా", "ఇది నిన్నటి కంటే నయమా?" ప్రతిసారీ గిన్నెలు నేను కడగడం. పోనీలే. రేపటితో సరి.

ఒక్క క్షణం జాలేసింది కూడా. "వస్తుందంటావా అమ్మా, నాతో?" అన్నారు. "మంచి టీ పెట్టండి చాలు" అన్నాను.

అబద్ధమని తెలిసే అన్నానా? తెలీదు. ఆలోచించను.

జూలై 27, ఆదివారం

అక్క వచ్చింది. లేత నీలం చీర, చేతిలో చిన్న సంచి. మొహంలో కాస్త కళ వచ్చింది. మా ఆయన, "రండి వదినా, రండి" అని హడావుడి చేశారు. బాయిలర్‌గారు వంటింట్లోంచి బయటికి రాలేదు. మూత పెట్టి ఉంది, తియ్యకూడదు కదా.

పళ్ళెంలో నాలుగు కప్పులు తెచ్చారు. ఒక్క చుక్క ఒలకలేదు. అక్క కప్పు అక్కకి ఇచ్చి, పరీక్ష రాసి బయట నిలబడ్డ పిల్లాడిలా చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డారు. ఆమె ముందు వాసన చూసింది. తర్వాత ఒక గుటక. ఇంకో గుటక. తొందరపడలేదు. అడుగు దాకా తాగింది. నాకు తెలిసినంతలో ఆయన పెట్టిన టీలన్నిట్లోకీ అదే మంచిది.

"చాలా బాగుంది" అంది అక్క. వెక్కిరింత కాదు, నిజంగానే అంది. "నేనెప్పుడూ ఇంత బాగా పెట్టలేదు."

బాయిలర్‌గారి కళ్ళు చెమర్చాయి. "నీకోసమే నేర్చుకున్నానే."

"తెలుసు. చెల్లి చెప్పింది."

"మరి పద. పెట్టె సర్దే ఉంచాను. ఇకమీదట టీ పెట్టడం రాదని అనలేవు నువ్వు."

"అనను" అంది అక్క. కప్పు చేతిలోనే పట్టుకుని, ఆయన వైపు నెమ్మదిగా చూసింది. "ఇన్నాళ్ళూ నాకు ఒకటే బెంగగా ఉండేదండీ. పంపించైతే పంపించేశాను కానీ, ఒక్కరూ ఎలా బతుకుతారు, ఓ కప్పు టీ అయినా పెట్టుకోలేరు కదా అని. అన్నం కూడా సయించేది కాదు. ఇప్పుడు ఆ బెంగ తీరింది. ఇంత బాగా పెట్టుకోగలిగితే మీకింకేం లోటు? ఎక్కడైనా చిన్న వాటా చూసుకోండి. హాయిగా ఉండండి."

లేచింది. వంటింట్లోకి వెళ్ళింది. సింకు నిండా పొద్దుట్నుంచీ పేరుకున్న గిన్నెలూ, పాలగిన్నెలూ, చెంచాలూ. వాటిని చూసింది. వాటి పక్కన తన కప్పు ఒక్కటీ కడిగి, బోర్లించి, చేతులు తుడుచుకుంది. నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసింది, చల్లగా, తడిగా. సంచి తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

"బాగుందనే అంది కదరా?" అన్నారు బాయిలర్‌గారు. తమ్ముడి వైపు, నా వైపు, తలుపు వైపు చూస్తున్నారు. "బాగుందంది. మరి ఏం తక్కువైంది? ఏం తక్కువైందమ్మా?"

నేను చెప్పలేదు. ఆయన సోఫాలో కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నారు. వేళ్ళ సందుల్లోంచి ముక్కు కారుతోంది, ఆ చేతుల్నే చొక్కాకి తుడుచుకున్నారు. నిన్న నేను ఇస్త్రీ చేసిన చొక్కా. మా ఆయన వీపు నిమురుతూ, "వదినకి మరీ పొగరెక్కింది. ఏం చేసినా ఆడవాళ్ళకి ఆనదు" అన్నారు. తర్వాత తల నా వైపు తిప్పకుండానే, "అన్నయ్య పెట్టిన టీ అంతా చల్లారిపోయిందోయ్. లేచి వేడిగా రెండు కప్పులు పెట్టు" అన్నారు.

మీ ఇద్దరికీ చేతుల్లేవా అనబోయాను. నోటి చివరిదాకా వచ్చింది. అక్క ఇంకా వీధి మలుపు కూడా తిరిగి ఉండదు, కిటికీలోంచి పిలిస్తే వినపడుతుంది. "ఒక్క నిమిషం ఆగక్కా, నేనూ వస్తున్నాను" అంటే చాలు.

నీళ్ళు పెట్టాను. మరిగాక మంట తీసేసి పొడి వేశాను. మూత పెట్టాను. రెండు కప్పులూ పట్టుకెళ్ళి చేతికిచ్చాను.

పంచదార సరిపోయిందా అని కూడా అడిగాను.